ట్రైలర్‌కి షోర్ పవర్ పెట్టుకోవడం: పెడెస్టల్ నుంచి లోపలి బ్రేకర్ దాకా

క్యాంప్‌గ్రౌండ్‌లో ట్రావెల్ ట్రైలర్‌కి (బండి వెనక లాక్కెళ్ళే చక్రాల ఇల్లు) బయటి నుంచి కరెంటు, అదే షోర్ పవర్, పెట్టుకోవడం అంటే ఏముంది, ప్లగ్గు గుచ్చి బ్రేకర్ వేయడమే కదా అనుకుంటాం. చాలాసార్లు అంతే. కానీ ఆ పెడెస్టల్‌కి, అంటే సైట్‌లో సాకెట్లూ బ్రేకర్లూ ఉండే స్తంభానికి, వైరింగ్ ఎవరు చేశారో, ఎన్నేళ్ల కిందట చేశారో, నిన్నటిదాకా అందులో ఎవరెవరు ఏమేం గుచ్చి వాడారో మనకి తెలియదు. ఇంట్లో సాకెట్లలో ఒకసారి పెట్టిన ప్లగ్గు నెలల తరబడి అలాగే ఉంటుంది. క్యాంప్‌గ్రౌండ్ సాకెట్‌లో రెండ్రోజులకో కొత్త ప్లగ్గు దిగుతుంది, మళ్ళీ ఊడుతుంది, అందులోనూ చాలామంది బ్రేకర్ ఆపకుండానే లాగేస్తారు, దాంతో ప్రతిసారీ లోపల చిన్న నిప్పురవ్వ పుట్టి కాంటాక్టులు కొంచెం కొంచెంగా కాలిపోతూ వస్తాయి. అందుకే కొలిచి చూసేదాకా ఏ పెడెస్టల్‌నీ నమ్మకూడదు. కింద రాసిందంతా ఆ ఒక్క అపనమ్మకం మీద నడిచేదే.

ఒక మాట ముందే. ఇది అమెరికా, కెనడాల్లో ఉండే 120 వోల్టుల పద్ధతి గురించి. యూరప్, ఆస్ట్రేలియా కారవాన్లు 230 వోల్టుల మీద నడుస్తాయి, ప్లగ్గులు వేరు, లెక్కలు వేరు, ఇందులోని అంకెలు అక్కడ వాడకండి.

మీ ట్రైలర్ 30 ఆంప్సా, 50 ఆంప్సా?

కేబుల్ చివర ప్లగ్గు చూస్తే తెలిసిపోతుంది. మూడు కాళ్ళుంటే 30 ఆంప్స్: రెండు పలకలు ఏటవాలుగా, ఒక గుండ్రటి ఎర్త్ పిన్ను. దీన్ని టీటీ-30 అంటారు. ఒకే ఫేజ్, 120 వోల్టులు, అంటే మొత్తం 3,600 వాట్లు. నాలుగు కాళ్ళుంటే 50 ఆంప్స్, దాని పేరు 14-50. ఇందులో రెండు ఫేజ్ వైర్లు ఉంటాయి, ఒక్కోదాంట్లో 50 ఆంప్స్ చొప్పున 120 వోల్టులు, కాబట్టి మొత్తం 12,000 వాట్లు. 30కీ 50కీ తేడా రెట్టింపు కూడా కాదులే అనుకుంటారు కొత్తవాళ్ళు, నిజానికి మూడు రెట్లకి పైనే.

ఇక్కడే ఒక ప్రమాదం ఉంది, దీని గురించి కాస్త ఆగి చెప్పాలి. టీటీ-30 సాకెట్ చూడటానికి పాతకాలం బట్టలారబెట్టే డ్రయర్ సాకెట్‌లా ఉంటుంది, అది కూడా 30 ఆంప్సే, కానీ అది 240 వోల్టులది. ఇంటి దగ్గర ట్రైలర్ కోసం సాకెట్ పెట్టించుకునేటప్పుడు ఎలక్ట్రీషియన్‌కి ట్రైలర్ల పరిచయం లేకపోతే, "30 ఆంప్స్ కదా, అంటే 240 అయ్యుంటుంది" అనుకుని రెండు పోళ్ళ బ్రేకర్ వేసి రెండు ఫేజ్‌లూ తెచ్చి టీటీ-30కి కలిపేస్తాడు. ప్లగ్గు చక్కగా సరిపోతుంది. బ్రేకర్ వేయగానే ట్రైలర్‌లోని కన్వర్టర్ (బ్యాటరీని ఛార్జ్ చేసే పెట్టె), మైక్రోవేవ్, టీవీ, ఏసీ బోర్డు, ఏవేవి కనెక్ట్ అయి ఉంటే అవన్నీ 240 వోల్టులు మింగి క్షణాల్లో పోతాయి. కాబట్టి ఆ పని చేయించేటప్పుడు నోటితో చెప్పడం కాదు, కాగితం మీద రాసి ఇవ్వండి: టీటీ-30 సాకెట్, 120 వోల్టులు, ఒకే పోల్ 30 ఆంప్స్ బ్రేకర్, 10 గేజ్ రాగి వైరు. పని అయ్యాక మీటర్ పెట్టి 120 కనిపించాకే ట్రైలర్ ప్లగ్గు దాని దగ్గరికి తీసుకెళ్ళండి.

వెంట ఉండాల్సినవి

ట్రైలర్‌తో వచ్చిన కేబుల్ ఎలాగూ ఉంటుంది. దానికి తోడు ఒక మల్టీమీటర్, వైరుకి తాకించకుండానే కరెంటు ఉంటే బీప్‌మనే పెన్ను లాంటి టెస్టర్, డాగ్‌బోన్ అని పిలిచే అడాప్టర్లు ఒకటి రెండు, అన్నిటికంటే ముఖ్యంగా ఒక ఈఎంఎస్ (ఎలక్ట్రికల్ మేనేజ్‌మెంట్ సిస్టమ్).

సర్జ్ ప్రొటెక్టర్‌కీ ఈఎంఎస్‌కీ తేడా తెలియక చవకది కొనేసి ధైర్యంగా ఉండేవాళ్ళు చాలామంది. మామూలు సర్జ్ ప్రొటెక్టర్ చేసేది వోల్టేజ్ ఒక్కసారిగా ఎగిసినప్పుడు ఆ దెబ్బ తను తినడం, మహా అయితే వైరింగ్ తప్పుంటే ఒక లైటు వెలిగించి చూపించడం. వోల్టేజ్ బాగా పడిపోయి ఏసీ కంప్రెసర్ వేడెక్కిపోతుంటే అది చూస్తూ ఊరుకుంటుంది. ఈఎంఎస్ అలా కాదు, ముందు సాకెట్‌ని పరీక్షిస్తుంది, అంతా బాగుంటేనే కరెంటు లోపలికి వదులుతుంది, తర్వాత కూడా కనిపెట్టుకుని ఉంటుంది. మామూలుగా 104 వోల్టుల కంటే తగ్గినా, 132 దాటినా కట్ చేసేస్తుంది. సర్జ్ ప్రొటెక్టర్ కంటే ధర బాగా ఎక్కువే, కానీ ఒక్క ఏసీ కంప్రెసర్ కాలిపోతే పెట్టే ఖర్చుతో పోల్చి చూసుకోండి. నన్నడిగితే కొత్త ట్రైలర్‌కి తివాచీలూ దిండ్లూ కొనే ముందు ఇది కొనండి అంటాను.

ఎక్స్‌టెన్షన్ కేబుల్ కావాలంటే ట్రైలర్ల కోసం చేసినదే తీసుకోండి. 30 ఆంప్స్‌కి 10 గేజ్ వైరు ఉండాలి. 50 ఆంప్స్‌కి 6 గేజ్ వైర్లు మూడు, ఎర్త్‌కి 8 గేజ్ ఒకటి, అందుకే అది అంత బరువు. గేజ్ అంకె పెరిగేకొద్దీ వైరు సన్నబడుతుంది, ఇది మర్చిపోకండి. గడ్డి కోసే మిషన్‌కి వాడే 16 గేజ్ తీగని 100 అడుగులు లాగి 12 ఆంప్స్ తీసుకుంటే దారిలోనే దాదాపు 10 వోల్టులు పోతాయి, ఆ పోయిన వోల్టులన్నీ తీగలో వేడిగా మారతాయి. అదే 10 గేజ్ కేబుల్ 50 అడుగులుంటే 24 ఆంప్స్ తీసుకున్నా పోయేది రెండున్నర వోల్టులే.

సైట్‌కి రాగానే, హిచ్ విప్పక ముందే

ట్రైలర్‌ని సైట్‌లో పెట్టేసి, లెవెల్ చేసి, కాళ్ళు దించి, హిచ్ (ట్రైలర్‌ని బండికి కలిపే కొక్కెం) విప్పి, అప్పుడు పెడెస్టల్ దగ్గరికి వెళ్తారు చాలామంది. కరెంటు బాగాలేదని అప్పుడు తేలితే ఇవన్నీ మళ్ళీ వెనక్కి చేసుకోవాలి. బండి ఆపగానే ముందు పెడెస్టల్ చూడండి. తేడాగా ఉంటే ఆఫీసుకి వెళ్ళి వేరే సైట్ అడగడానికి అప్పుడైతే ఏ ఇబ్బందీ ఉండదు.

మూత తీసేటప్పుడు చెయ్యి నేరుగా లోపల పెట్టకండి, కందిరీగలకీ సాలీళ్ళకీ ఇవి ఇష్టమైన ఇళ్ళు. మూత కింది అంచు పట్టుకుని మెల్లిగా పైకెత్తి ఒక క్షణం చూడండి. తర్వాత బ్రేకర్లన్నీ ఆఫ్‌లో ఉన్నాయో లేదో చూసి, లేకపోతే ఆఫ్ చేయండి. ఇప్పుడు సాకెట్ ముఖం దగ్గరగా చూడాలి. మంచి సాకెట్‌లో చీలికల అంచులు ఒకే రంగులో, పదునుగా ఉంటాయి. కాలిన సాకెట్‌లో ఒక చీలిక చుట్టూ, చాలాసార్లు ఫేజ్ వైపే, ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి, అంచు కొంచెం కరిగి గుండ్రంగా అయి ఉంటుంది. దగ్గరికి వెళ్తే ఘాటైన కాలిన ప్లాస్టిక్ వాసన కూడా తెలుస్తుంది. అలాంటిది కనిపిస్తే కొలతలు కూడా అనవసరం, సైట్ మార్చమని అడగండి. ఒట్టి ప్లగ్గు గుచ్చి చూసినప్పుడు అది వదులుగా వేలాడినా అంతే, బిగుతుగా పట్టుకోని సాకెట్ వాడకూడదు.

ఎందుకంత పట్టింపు అంటారా, లెక్క చూడండి. లూజ్ కాంటాక్ట్ దగ్గర అడ్డంకి 0.05 ఓమ్ మాత్రమే ఉందనుకుందాం, మీటర్‌లో సరిగ్గా కనపడనంత తక్కువ. దాని గుండా 25 ఆంప్స్ పోతే పుట్టే వేడి 31 వాట్లు. అంటే ప్లగ్గు కాలి దగ్గర ఒక చిన్న సోల్డరింగ్ ఐరన్ గంటల తరబడి ఆన్‌లో పెట్టినట్టు. పైగా వేడికి లోపలి స్ప్రింగ్ మెత్తబడి పట్టు ఇంకా సడలుతుంది, దాంతో అడ్డంకి ఇంకా పెరుగుతుంది, వేడీ పెరుగుతుంది. బ్రేకర్‌కి ఇదేమీ తెలియదు, దాని లెక్కలో 25 ఆంప్స్ మామూలే కాబట్టి పడదు.

కొలవడం

మీటర్ అలవాటు లేనివాళ్ళు ఈ భాగం దాటేసి నేరుగా ఈఎంఎస్ దగ్గరికి వెళ్ళొచ్చు, తప్పేమీ లేదు. అలవాటున్నవాళ్ళు మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోండి: మీటర్ ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంట్) వోల్టుల మీదే ఉండాలి, ఎర్ర వైరు వోల్టుల రంధ్రంలోనే ఉండాలి. ఆంప్స్ రంధ్రంలో మర్చిపోయి సాకెట్‌లో పెడితే అది నేరుగా షార్ట్ సర్క్యూట్. నేల తడిగా ఉంటే, చెప్పులు లేకపోతే ఈ పని మొదలుపెట్టకండి.

బ్రేకర్ ఆన్ చేసి, 30 ఆంప్స్ సాకెట్‌లో రెండు ఏటవాలు చీలికల మధ్య కొలిస్తే 120కి అటూ ఇటూగా రావాలి. అక్కడ 240 వస్తే వెంటనే మూసేసి వెళ్ళిపోండి, మీ దగ్గర ఏ పరికరం ఉన్నా సరే. తర్వాత ఒక్కో చీలిక నుంచి గుండ్రటి ఎర్త్ రంధ్రానికి: ఒకదానితో 120, ఇంకోదానితో సున్నా లేదా ఒకటి రెండు వోల్టులు. రెండింటితోనూ అర్థంపర్థం లేని అంకెలు, 40 అనో 60 అనో వస్తూ నిలకడగా లేకపోతే ఎర్త్ తెగి ఉందని అర్థం.

50 ఆంప్స్ సాకెట్‌లో అటూ ఇటూ ఉన్న రెండు చీలికలు ఫేజ్‌లు, వాటి మధ్య 240 రావాలి. ఒక్కో ఫేజ్ నుంచి న్యూట్రల్‌కి 120, ఎర్త్‌కీ 120. ఇందులో న్యూట్రల్ సంగతి చాలా ముఖ్యం. న్యూట్రల్ తెగిపోతే రెండు ఫేజ్‌ల మీద ఉన్న వస్తువులు ఒకదాని వెనక ఒకటి వరసలో 240 వోల్టుల మీద పడతాయి, తక్కువ కరెంటు లాగే వస్తువు మీద ఎక్కువ వోల్టేజ్ పడుతుంది. ఒక వైపు 1,500 వాట్ల మైక్రోవేవ్, ఇంకో వైపు 150 వాట్ల టీవీ నడుస్తుంటే టీవీ మీద దాదాపు 218 వోల్టులు పడతాయి, మైక్రోవేవ్‌కి మిగిలేది 22. టీవీ పోవడానికి ఎంతోసేపు పట్టదు.

ఫేజూ న్యూట్రలూ తారుమారైతే, అంటే రివర్స్ పొలారిటీ ఉంటే, లైట్లు వెలుగుతాయి, మైక్రోవేవ్ తిరుగుతుంది, ఏ తేడా కనిపించదు. కానీ స్విచ్ ఆపినా ఆగేది న్యూట్రల్ మాత్రమే, వస్తువు లోపల ఫేజ్ అలాగే బతికి ఉంటుంది. అది ఆగిపోయిందనుకుని లోపల చెయ్యి పెట్టినవాడికి షాక్ కొడుతుంది. దీన్ని మీటర్‌తో కంటే ఈఎంఎస్‌తో కనిపెట్టడం తేలిక.

ఇప్పుడు కనెక్షన్, ఇదే వరసలో

ముందు ట్రైలర్ లోపలికి వెళ్ళి ఏసీని థర్మోస్టాట్ దగ్గర ఆపేయండి, వాటర్ హీటర్ ఎలక్ట్రిక్ స్విచ్ ఆపేయండి, స్పేస్ హీటర్ గుచ్చి ఉంటే తీసేయండి. వాటర్ హీటర్ విషయంలో ఇంకో జాగ్రత్త: ట్యాంకులో నీళ్ళు నిండకుండా ఎలక్ట్రిక్ ఎలిమెంట్ ఆన్ అయితే అది చాలా త్వరగా కాలిపోతుంది. కొన్ని హీటర్లకి లోపలి స్విచ్ కాకుండా బయట ప్యానెల్ తలుపు వెనక ఇంకో చిన్న స్విచ్ ఉంటుంది, అది కూడా చూడండి. నీటి పైపు కలిపి, వేడినీళ్ళ కొళాయి తిప్పి, గాలి బుడగలు లేకుండా ధార నిండుగా వచ్చాకే ఆ స్విచ్ వేయాలి.

తర్వాత పెడెస్టల్ బ్రేకర్ ఆఫ్‌లో ఉండగా ఈఎంఎస్ ఒక్కటే సాకెట్‌లో పెట్టండి, ట్రైలర్ కేబుల్ ఇంకా వద్దు. బ్రేకర్ ఆన్ చేసి డిస్‌ప్లే చూడండి. కొన్ని మోడళ్ళు పదిహేను సెకన్లలో చెప్పేస్తాయి, కొన్ని రెండు నిమిషాలకి పైగా తీసుకుంటాయి, అది ఏసీ కంప్రెసర్ కోసం కావాలని పెట్టిన ఆలస్యం, పాడైపోయిందని కంగారుపడకండి. తప్పు ఏదీ లేకుండా వోల్టులు కనిపిస్తే బ్రేకర్ మళ్ళీ ఆఫ్ చేయండి.

ఇప్పుడు కేబుల్. ట్రైలర్ వైపు ముందు, పెడెస్టల్ వైపు తర్వాత. తిరగేసి చేస్తే, ఎవరైనా బ్రేకర్ ఆన్ చేసినప్పుడు మీ చేతిలో ఉండేది కరెంటు ఉన్న చివర. ట్రైలర్ గోడకి ఉండే ఇన్‌లెట్‌లో చాలావాటికి తిప్పి బిగించే రకం ప్లగ్గు ఉంటుంది: గాడి చూసి నేరుగా లోపలికి నెట్టాలి, కుడివైపుకి కొద్దిగా తిప్పాలి, అప్పుడు బయట ఉన్న ప్లాస్టిక్ రింగు బిగించాలి. ఈ మధ్యలో తిప్పడం మర్చిపోయి రింగు మాత్రం బిగించేస్తారు, పైకి గట్టిగానే ఉన్నట్టుంటుంది, లోపల కాళ్ళు సగమే ఆనుకుని ఉంటాయి. కరిగిపోయిన ఇన్‌లెట్లకి ఇదొక పెద్ద కారణం. అందుకే రింగు బిగించే ముందు ప్లగ్గుని ఒకసారి వెనక్కి లాగి చూడండి, తిప్పింది పట్టుకుంటే బయటికి రాదు.

పెడెస్టల్ వైపు ప్లగ్గుని ఈఎంఎస్‌లో పూర్తిగా, అంచు ఆనేదాకా నెట్టండి. సగం పలక బయట కనపడుతుంటే కుదరదు. కేబుల్ బరువు ప్లగ్గు మీద వేలాడకుండా కొంచెం వదులు ఉంచి కిందికి వేయండి, వానొస్తే నీళ్ళు వైరు వెంట సాకెట్‌లోకి పాకకుండా ఆ వంపు దగ్గరే కింద కారిపోతాయి. మిగిలిన కేబుల్‌ని గట్టిగా చుట్ట చుట్టి పెట్టకండి, వేడి బయటికి పోదు. నేల మీద వదులుగా అటూ ఇటూ పరిచి వదిలేయండి.

ఇక బ్రేకర్ ఆన్.

లోపలికి ఎక్కే ముందు ఇంకో అర నిమిషం. మీరు నేల మీద నిలబడి బీప్ టెస్టర్‌ని ట్రైలర్ మెట్టుకి, తలుపు హ్యాండిల్‌కి, హిచ్ ఇనుముకి దగ్గరగా పెట్టండి. బీప్‌మంటే ట్రైలర్ ఒళ్ళంతా కరెంటు ఉన్నట్టు, దేన్నీ తాకకుండా పెడెస్టల్ బ్రేకర్ ఆపేయండి. ట్రైలర్ రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుంది. ఎర్త్ వైరు తెగి, లోపల ఎక్కడో ఫేజ్ బాడీకి తగిలితే ఆ కరెంటుకి పోయే దారి ఉండదు, బ్రేకర్ పడదు, ఒళ్ళు మొత్తం 120 వోల్టులతో మీ కోసం కాచుకుని ఉంటుంది. తడి గడ్డి మీద వట్టికాళ్ళతో నిలబడి తలుపు పట్టుకునే పిల్లలకి ఇది ప్రాణాంతకం. ఒక ఇనుప రాడ్ భూమిలో పాతి దానికి వైరు కట్టేస్తే సరిపోతుందని చెప్పేవాళ్ళుంటారు, వాళ్ళ మాట వినకండి. మట్టి అడ్డంకి చాలా ఎక్కువ, ఆ దారిలో బ్రేకర్ పడేంత కరెంటు పోదు. ఎర్త్ వైరు సరిగ్గా ఉంటేనే రక్షణ. తలుపు తాకినప్పుడు కాస్త జిల్లుమంది అంతే అని ఎవరైనా చెప్తే, ఆ 'అంతే'ని తేలిగ్గా తీసుకోవద్దు.

లోపలికి వెళ్ళి మైక్రోవేవ్ గడియారం వెలిగిందా చూడండి, కన్వర్టర్ ఫ్యాన్ శబ్దం వినండి. తర్వాత ఒక్కొక్కటే ఆన్ చేయాలి: ముందు ఫ్రిజ్, రెండు నిమిషాలాగి ఏసీ, అన్నీ కుదురుకున్నాక వాటర్ హీటర్. ఏసీ నడుస్తుండగా ఈఎంఎస్ డిస్‌ప్లేలో వోల్టులు చూడండి. ఏసీ లేకుండా 119 ఉండి, ఏసీ తిరిగాక 115 అయితే మంచిది. 119 నుంచి ఒకేసారి 107కి జారిందంటే ఆ పెడెస్టల్ వెనక వైర్లలో బలం లేదు.

అరగంట తర్వాత బయటికి వెళ్ళి రెండు చివర్లలోనూ ప్లగ్గు మీద అరచెయ్యి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చెయ్యి ఉంచలేనంత వేడిగా ఉంటే లోపల అన్నీ ఆపి, బ్రేకర్ ఆపి, చల్లారాక పలకలు తుడిచి మళ్ళీ గట్టిగా పెట్టి చూడండి. మళ్ళీ అంతే అయితే సాకెట్టో మీ ప్లగ్గో అయిపోయింది. ఇంత చిన్న పనిని మీటర్లూ యాప్‌లూ ఉన్నవాళ్ళు కూడా చేయరు, కానీ దీనికి మించిన పరీక్ష లేదు.

30 ఆంప్స్‌తో సర్దుకోవడం

30 ఆంప్స్ బ్రేకర్ ఉన్నంత మాత్రాన గంటల తరబడి 30 లాగకూడదు. మూడు గంటలకి పైగా నడిచేవాటికి 80 శాతం లెక్క వేసుకోవాలి, అంటే 24 ఆంప్స్. ఎండలో కాగిన పెడెస్టల్‌లో బ్రేకర్ ఇంకా ముందే పడుతుంది. 13,500 బీటీయూ (ఏసీ చల్లబరిచే శక్తికి కొలత) ఏసీ 12-13 ఆంప్స్ తీసుకుంటుంది, 15,000 బీటీయూది ఇంకొంచెం ఎక్కువ. వాటర్ హీటర్ ఎలిమెంట్ 1,440 వాట్లు, అంటే 12. మైక్రోవేవ్ మీద 1000 వాట్లు అని రాసి ఉంటే అది వంటకి ఇచ్చే వేడి, గోడ నుంచి లాగేది 12-13 ఆంప్స్. స్పేస్ హీటర్ పన్నెండున్నర. హెయిర్ డ్రయర్ దాదాపు అంతే. గ్యాస్ మీదా కరెంటు మీదా నడిచే రకం ఫ్రిజ్ కరెంటు మీద ఉంటే 3. బ్యాటరీ బాగా దిగిపోయి ఉంటే కన్వర్టర్ 8 దాకా లాగుతుంది, అందరూ మర్చిపోయేది దీన్నే.

కాబట్టి ఏసీ నడుస్తుంటే వాటర్ హీటర్‌ని గ్యాస్ మీదకి మార్చేయండి, గొడవ వదిలిపోతుంది. ఏసీ, ఫ్రిజ్, కన్వర్టర్ కలిసి 20 దాటొచ్చు, ఆ మీద మైక్రోవేవ్ వేస్తే బ్రేకర్ వెంటనే పడకపోవచ్చు, నాలుగైదు నిమిషాలు ఓర్చుకుని పడుతుంది. వంట వేడి చేసుకునే ఆ కాసేపు ఏసీని ఫ్యాన్ మీద పెట్టడం ఉత్తమం. మళ్ళీ కూలింగ్ వేసే ముందు మాత్రం నాలుగైదు నిమిషాలు ఆగండి, కంప్రెసర్ లోపల ఒత్తిడి సమానం కావాలి, లేకపోతే అది తిరగలేక మూలుగుతూ విపరీతంగా కరెంటు లాగుతుంది.

బ్రేకర్ పడితే ఏది పడిందో ముందు చూడండి. ట్రైలర్ లోపలి చిన్న బ్రేకర్ అయితే ఆ ఒక్క లైను మీదే ఎక్కువైంది. లోపలి మెయిన్ గానీ పెడెస్టల్‌ది గానీ అయితే మొత్తం ఎక్కువైంది. పెడెస్టల్ బ్రేకర్ తక్కువ కరెంటుకే పదేపదే పడుతుంటే అది ముసలిదైపోయింది, దాన్ని ఎత్తి ఎత్తి వేయకుండా ఆఫీసులో చెప్పండి. దాన్ని మార్చడం వాళ్ళ పని.

మధ్యాహ్నం వోల్టేజ్ ఎందుకు పడుతుంది

పార్కు ప్రతి సైట్‌కీ పూర్తి కరెంటు ఒకేసారి ఇచ్చేలా కట్టి ఉండదు. అమెరికా విద్యుత్ నియమావళి ఎన్ఈసీలో 551వ ఆర్టికల్ దీనికి లెక్క ఇస్తుంది: 36 సైట్లో అంతకంటే ఎక్కువో ఉంటే వాటి మొత్తం లోడ్‌లో 41 శాతానికి ఫీడర్ (సైట్లకి కరెంటు తెచ్చే ప్రధాన లైను) వేస్తే చాలు. అందరూ ఒకేసారి అన్నీ వాడరు కదా అన్నది దాని వెనక ఆలోచన. ఎండాకాలం మధ్యాహ్నం మూడింటికి పార్కు నిండి ప్రతి కప్పు మీదా ఏసీ తిరుగుతుంటే ఆ ఆలోచన తప్పుతుంది, వరస చివర ఉన్న పెడెస్టళ్ళలో వోల్టేజ్ జారిపోతుంది.

హీటర్ లాంటి వస్తువుకి వోల్టేజ్ తగ్గితే వేడి తగ్గుతుంది, అంతకంటే నష్టం లేదు. మోటర్ అలా కాదు. అదే పని చేయడానికి ఎక్కువ ఆంప్స్ లాగుతుంది, చుట్ట వేడెక్కుతుంది, కొన్నాళ్ళకి కాలిపోతుంది. 108 కిందకి వస్తుంటే నేనైతే వాటర్ హీటర్, మైక్రోవేవ్ లాంటివన్నీ ఆపి ఏసీ ఒక్కటే ఉంచుతాను. 105 దగ్గర ఏసీ కూడా ఆపేయాలి, ఎంత ఉక్కపోసినా. ఈఎంఎస్ ఉంటే ఎలాగూ 104 దగ్గర అదే ఆపుతుంది.

సాకెట్ సరిపోకపోతే అడాప్టర్లు

30 ఆంప్స్ ట్రైలర్‌ని 50 ఆంప్స్ సాకెట్‌కి డాగ్‌బోన్‌తో కలపొచ్చు. వచ్చేది ఒక ఫేజ్ 120 వోల్టులే, మీ లోపలి 30 మెయిన్ బ్రేకర్ కాపలా ఉంటుంది. పార్కులో 30 సాకెట్ అరిగిపోయి ఉన్నచోట ఇదే మంచి దారి కూడా. తిరగేసి, 50 ఆంప్స్ ట్రైలర్‌ని 30కి కలిపితే పనిచేస్తుంది కానీ మొత్తం కలిపి 30 ఆంప్సే, రెండు ఏసీలు కుదరవు.

ఇంటి దగ్గర మామూలు 15 ఆంప్స్ సాకెట్‌కి అడాప్టర్ పెట్టి బ్యాటరీ ఛార్జ్ చేసుకోవచ్చు, ప్రయాణానికి ముందు రోజు ఫ్రిజ్ చల్లబెట్టుకోవచ్చు. ఆగకుండా లాగగలిగేది 12 ఆంప్సే, ఏసీ మాట తలపెట్టకండి. ఆ సాకెట్ జీఎఫ్‌సీఐ రకమైతే (కరెంటు కొంచెం లీకైనా వెంటనే ఆపేసేది) ప్లగ్గు పెట్టగానే పడిపోవచ్చు. అలా పడితే తప్పు సాకెట్‌ది అనుకుని వేరే సాకెట్ వెతకడం మొదలుపెడతారు. ముందు ట్రైలర్‌లో చూడండి: లోపలి బ్రేకర్లన్నీ ఆపి, ఒక్కొక్కటే వేస్తూ పోతే ఏది వేసినప్పుడు పడుతుందో దాంట్లోనే లీకేజ్ ఉంది, చాలాసార్లు దొంగ వాటర్ హీటర్ ఎలిమెంటే. అన్నీ ఆపినా పడుతుంటే ట్రైలర్ ప్యానెల్‌లో న్యూట్రల్, ఎర్త్ ఎక్కడో కలిసి ఉండొచ్చు. ట్రైలర్‌లో అవి రెండూ ఎప్పుడూ విడిగానే ఉండాలి, అది తెలిసినవాళ్ళతో చూపించాల్సిన పని.

చిన్న ఇన్వర్టర్ జనరేటర్‌కి కలిపినప్పుడు ఈఎంఎస్ ఎర్త్ లేదని చెప్పి కరెంటు వదలదు. వాటిలో న్యూట్రల్, ఎర్త్ కలిసి ఉండవు కాబట్టి అలా అంటుంది. జనరేటర్‌లో ఖాళీగా ఉన్న సాకెట్‌కి పెట్టి ఆ రెండింటినీ కలిపే బాండింగ్ ప్లగ్గు దొరుకుతుంది, అది జనరేటర్‌కే పరిమితం, పెడెస్టల్‌కి కలిపినప్పుడు దాన్ని ఎక్కడా పెట్టకండి.

తీసేటప్పుడు

ఏసీ ముందు ఆపండి, వాటర్ హీటర్ ఆపండి, ఫ్రిజ్‌ని గ్యాస్ మీదకో బ్యాటరీ మీదకో మార్చండి. బయటికొచ్చి పెడెస్టల్ బ్రేకర్ ఆపి, అప్పుడు ప్లగ్గుని దాని తలకాయ పట్టుకుని లాగండి, వైరు పట్టుకుని కాదు. బిగుసుకుపోతే అటూ ఇటూ కొద్దిగా ఊపుతూ తీయాలి. తర్వాత ఈఎంఎస్, చివరికి ట్రైలర్ వైపు చివర. వాన పడుతుంటే ప్లగ్గులకి ప్లాస్టిక్ సంచి చుట్టడం చూస్తుంటాం, అది లోపల చెమ్మని పట్టి ఉంచుతుంది, దానికంటే కనెక్షన్‌ని నేలకి ఎత్తులో ఉంచడం మేలు.

చుట్టేముందు ప్లగ్గు పలకలు ఒక్కసారి చూడండి. ఇత్తడి రంగు మెరుస్తుంటే సరే. ఒక పలక మీద నల్లటి మచ్చలు, గుంటలు పడుతుంటే వచ్చే ట్రిప్పు లోపే ఆ ప్లగ్గు మార్చుకోండి, 30 ఆంప్స్‌కి విడిగా కొత్త ప్లగ్గు తల దొరుకుతుంది. కాలిన పలక తర్వాత పెట్టిన ప్రతి మంచి సాకెట్‌నీ పాడుచేస్తుంది, అలాగే కాలిన సాకెట్ మీ కొత్త ప్లగ్గుని. ఇన్‌లెట్ మూత వేసి, కేబుల్ కంపార్ట్‌మెంట్‌లో పెట్టి, పెడెస్టల్ మూత కూడా మూసేసి బయల్దేరండి.